35 మీటర్ల సముద్రం

ఆగస్టు నెల. తెల్లవారుజామున నాలుగున్నర. బహ్రెయిన్‌లోని ముహర్రక్ రేవు నుంచి బయల్దేరిన చేపల పడవలో ముందువైపు కూర్చున్నారు మీరు. ఇంకా చీకటి వీడలేదు, అప్పుడే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గాలి ఆడటం లేదు. పడవ అంచు మీంచి వంగి చెయ్యి నీళ్లలో పెట్టండి. చల్లగా తగులుతుందని ఆశపడతారు, కానీ నీరు ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది. చెయ్యి పైకి తీసి ఆరనివ్వండి. వేళ్ల సందుల్లో ఉప్పు పేరుకుంటుంది. మామూలు సముద్రంలో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇక్కడ 40 గ్రాములు. కొన్ని చోట్ల అంతకంటే చాలా ఎక్కువ.

పడవ మీద పనిచేసే నలుగురిలో ఒకాయనది శ్రీకాకుళం వైపు. తాడు చుట్టుకుంటూ నవ్వుతాడు.

"ఇదేటి సముద్రం బాబూ! మా ఊరి సెరువు నాగుంటాది. లంగరేత్తే టక్కున అడుగు తగిలేత్తాది."

ఆయన వెక్కిరించినా అందులో అబద్ధం లేదు. ఆయన పుట్టి పెరిగిన ఊరి ముందున్న బంగాళాఖాతం వేల మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఈ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోట కూడా 90 మీటర్లకు అటూ ఇటూ. పొడవు చూస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విస్తీర్ణం రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అంటే రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే వచ్చేదానికంటే కాస్త తక్కువ. ఇంత నీటికి ఉన్న దారి ఒక్కటే: తూర్పు కొసన హర్మూజ్ జలసంధి. బాగా ఇరుకైన చోట దాని వెడల్పు 40 కిలోమీటర్లు కూడా లేదు.

చివరి మంచుయుగంలో ఇక్కడ సముద్రమే లేదు. మీరు కూర్చున్న పడవ కింద ఉన్నది అప్పట్లో పొడి నేల, నది పారిన లోయ. మంచు కరిగి సముద్రమట్టం పెరిగాక, సుమారు 14 వేల ఏళ్ల కిందట నీరు హర్మూజ్ వైపు నుంచి లోపలికి రావడం మొదలైంది. ఇప్పటి తీరరేఖ ఏర్పడి ఆరు వేల ఏళ్లు అయి ఉంటుందంతే. సముద్రాల వయసులో ఇది పసిది.

ఎండ ఎక్కుతుంటుంది. ఏటా ఇక్కడ దాదాపు మనిషెత్తు నీరు ఆవిరైపోతుంది, వాన మాత్రం పేరుకే. పోయిన నీటిని భర్తీ చేయడానికి హర్మూజ్ నుంచి కొత్త నీరు పైపైన ఇరాన్ తీరం వెంబడి లోపలికి వస్తుంది. ఉప్పెక్కి బరువైన నీరు అడుగున పాకుతూ అదే హర్మూజ్ గుండా బయటకు పోతుంది. ఈ ఒక్క చుట్టు పూర్తి కావడానికి రెండు నుంచి ఐదేళ్లు పడుతుందని లెక్క. ఈ లెక్కను మనసులో ఉంచుకోండి. ఇకముందు మీరు చూడబోయేవన్నీ దీనికి కట్టుబడినవే.

పడవ ఆగింది. ఇద్దరు కలిసి తాడు లాగుతుంటే నీళ్లలోంచి ఒక ఇనుప తీగల బుట్ట పైకి తేలుతుంది. గుమ్మటం ఆకారం, ఒక పక్కన లోపలికి సన్నబడే దారి. చేప లోపలికి వెళ్లగలదు, బయటకు రాలేదు. దీన్ని ఇక్కడ గర్గూర్ అంటారు. ఒకప్పుడు ఖర్జూరపు ఈనెలతో అల్లేవారు, ఇప్పుడంతా తీగే. ఈనెలదైతే తాడు తెగి అడుగున పడిపోయినా కొన్నాళ్లకు కుళ్లిపోయేది. తీగ బుట్ట అలా కాదు, ఎవరికీ దొరక్కుండా ఏళ్ల తరబడి చేపల్ని పడుతూనే ఉంటుంది. చచ్చిన చేప ఎరగా మారి, ఇంకో చేపను పిలుస్తుంది.

బుట్ట మూత తీసి పడవలోకి గుమ్మరించారు. చుక్కల సాఫీ చేపలు కాసిని, షేరీలు రెండు మూడు, అడుగున గోధుమరంగు మచ్చల హమూర్ ఒకటి. హమూర్ అంటే గల్ఫ్‌లో పెళ్లి విందు చేప, హోటల్ మెనూలో పైవరస పేరు. ఇది మూరెడు కూడా లేదు. శ్రీకాకుళం ఆయన దాన్ని చేత్తో తూచినట్టు చూసి పెదవి విరుస్తాడు. "పెద్దవి పోనాయి బాబూ. కనాద్ కూడా అంతే." కనాద్ అంటే మన వంజరమే. హమూర్, కనాద్ రెండింటినీ తట్టుకోలేనంతగా పట్టేశారని గల్ఫ్ దేశాల మత్స్యశాఖలే చాలాసార్లు చెప్పాయి.

దక్షిణంగా, ఖతర్ వైపు హవార్ దీవుల దగ్గరికి వస్తే నీళ్ల రంగు మారుతుంది. పచ్చగా, అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా కనబడేది సముద్రపు గడ్డి. ఇంజిన్ ఆపండి. గడ్డి మధ్యలో పొడుగాటి బోడి చారలు కనిపిస్తున్నాయా? దుగాంగులు, అంటే సముద్రపు ఆవులు, మేసిన దారులవి. నిండుగా ఎదిగిన ఒక్కో దుగాంగ్ మూడు నాలుగు వందల కిలోలు తూగుతుంది, రోజుకు ముప్పై కిలోలకు పైనే మేస్తుంది. గడ్డిని వేళ్లతో సహా పెకిలించి తినడం దాని పద్ధతి. ఆస్ట్రేలియా తర్వాత ప్రపంచంలో ఇవి ఎక్కువగా ఉన్నది ఈ గల్ఫ్‌లోనే. అయిదు వేలకు పైనే ఉంటాయని అంచనా, వాటిలో సగం దాకా అబూధాబీ నీళ్లలో ఉంటాయి. 1986లో విమానంలోంచి లెక్కపెట్టినవాళ్లకు సరిగ్గా ఈ ప్రాంతంలోనే ఒకే మందలో 674 కనబడ్డాయి. దుగాంగుల మందల్లో అంత పెద్దది మరెక్కడా నమోదు కాలేదు.

లోతు తక్కువ కాబట్టే ఎండ అడుగుదాకా చేరింది. ఎండ చేరింది కాబట్టే గడ్డి మొలిచింది, గడ్డి ఉంది కాబట్టి రొయ్య పిల్లలు, తాబేళ్లు, ఈ బరువైన జంతువు. లోతు లేకపోవడం ఈ సముద్రానికి వరం. శాపం ఎలా అయిందో ఉత్తరానికి వెళ్తే తెలుస్తుంది.

దారిలో ఒక్క క్షణం ముత్యాల మాట. ఇదే నీళ్లలో వందేళ్ల కిందట వేసవి నాలుగు నెలలూ వేల మంది మునిగేవారు. ముక్కుకి కొమ్ముతో చేసిన క్లిప్పు, కాలికి రాయి, నడుముకి తాడు. తాగునీరు అయిపోతే తోలుసంచి పట్టుకుని మునిగేవారు, ఎందుకంటే బహ్రెయిన్ చుట్టూ సముద్రం అడుగున మంచినీటి ఊటలు ఉండేవి. ఉప్పు సముద్రం అడుగునుంచి తియ్యటి నీళ్లు పట్టుకొచ్చేవారు! నేల మీద బోర్లు వేసి భూగర్భజలాలను తోడేశాక ఆ ఊటలు చాలావరకు ఎండిపోయాయి. ఇక్కడ దొరికిన ముత్యాలే బస్రా పేరుతో హైదరాబాద్ చేరాయి, నిజాముల మెడల్లో వేలాడాయి. పత్తర్‌గట్టీలో పాతకాలపు వ్యాపారి ఇప్పటికీ బస్రా ముత్యం అంటే గొంతు తగ్గించి మాట్లాడతాడు. మునిగినవాళ్లకు మిగిలింది మాత్రం నఖూదా అనే పడవ కెప్టెన్ దగ్గర చేసిన అప్పు. తండ్రి పోతే కొడుకు తలకెక్కే అప్పు. వీసా కోసం ఏజెంటుకు లక్షలు కట్టి, వడ్డీ తీర్చడానికే రెండేళ్లు పనిచేసే జగిత్యాల కుర్రాడికి ఆ కథ కొత్తగా ఏమీ అనిపించదు.

జపాన్ సాగు ముత్యాలు 1930ల నాటికి ఈ వ్యాపారం నడుం విరిచాయి. సరిగ్గా అదే సమయానికి, 1932లో, బహ్రెయిన్‌లో చమురు పడింది. 1938లో కువైట్ బుర్గాన్‌లో, సౌదీ దమ్మామ్‌లో పడింది. 1951లో సముద్రం అడుగున సఫానియా దొరికింది. తీరానికి అవతల ఉన్న చమురు క్షేత్రాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దది ఇదే. పడవల మీద ముత్యాలకు మునిగినవాళ్లలో చాలామంది కంపెనీ కూలీలయ్యారు.

రాత్రి అయింది. ఉత్తరానికి పోతుంటే ఎడమచేతి వైపు రస్ తనూరా చమురు రేవు దీపాలు, నీళ్ల మీద ట్యాంకర్ల వరసలు. దూరాన ఆకాశం అంచున నారింజరంగు వెలుతురు ఆగి ఆగి ఊగుతుంది. బావుల దగ్గర అదనపు గ్యాసును కాల్చే మంటలు. కోనసీమలో ఓఎన్‌జీసీ మంట చూసినవాళ్లకు ఈ వెలుతురు తెలుసు. దగ్గరికి వెళితే దుర్వాసన గొంతులో దిగుతుంది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. ఖతర్‌కు ఈశాన్యంగా 80 కిలోమీటర్ల అవతల అల్ షహీన్ అనే చమురు క్షేత్రం ఉంది. వేసవిలో దాని ప్లాట్‌ఫారం మెట్ల మీద నిలబడి కిందికి చూడండి. ఉక్కు కాళ్ల మధ్య బస్సంత పొడవైన నీడలు, వీపు నిండా తెల్ల చుక్కలు, నోళ్లు బార్లా తెరిచి పైపైనే మెల్లగా తిరుగుతుంటాయి. వేల్ షార్కులు. ఒక్కోసారి వంద దాకా గుమికూడతాయి. ట్యూనా జాతి చేపలు అక్కడ పెట్టే గుడ్ల కోసం వస్తాయి. ప్లాట్‌ఫారాల చుట్టూ చేపలవేట నిషేధం కాబట్టి ఆ చేపలు అక్కడ బతికాయి. ఈ సంగతి మొదట బయటపడింది ప్లాట్‌ఫారం మీద పనిచేసే ఒక ఉద్యోగి తీసిన ఫొటోల వల్ల. చమురు కంపెనీలకు ఇష్టమైన ఫొటో ఇది. నిజమైనదే, తీసిపారేయలేం. అయితే చేపకు ఆశ్రయం ఇచ్చింది చమురు కాదు, వల పడని చోటు. ఆ తేడా గుర్తుపెట్టుకుని ముందుకు సాగుదాం.

జుబైల్ దాటి అబూ అలీ దీవి పైనున్న తీరం. తెల్లవారింది, పాటు తీసింది. బురద నేల ఆరుతూ మెరుస్తోంది. చెప్పులు విప్పి దిగండి. ఇలాంటి నేలలో అడుగడుక్కీ పీతల కలుగులు ఉండాలి. కొన్ని చోట్ల ఉన్నాయి, మీ అడుగుల చప్పుడుకి పీతలు సర్రున దూరిపోతున్నాయి. కొన్ని చోట్ల లేవు. అక్కడ పైన నల్లగా, గట్టిగా, పెంకు కట్టి ఉంది. రోడ్డు ముక్కేదో కొట్టుకొచ్చిందనుకుంటారు. పారతో ఒక్క జానెడు తవ్వండి. కింద తడి మట్టి. ఇంకో జానెడు. పాత కలుగు ఒకటి నిలువునా తెగింది, దాని గోడల వెంట జిగురుగా ఏదో కారుతోంది. వేలితో తాకండి. కడిగినా పోదు. ముక్కు దగ్గర పెట్టుకోగానే పెట్రోలు బంకు గుర్తొస్తుంది.

అది 1991 నాటి చమురు.

ఆ ఏడాది జనవరిలో, గల్ఫ్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సైన్యం సముద్రంలోని సీ ఐలండ్ టెర్మినల్ దగ్గర కవాటాలు తెరిచింది. ట్యాంకర్లనుంచి కూడా చమురు వదిలింది. ఎంత పోయిందన్నదానిపై 40 లక్షల బ్యారెళ్లనుంచి కోటి పైచిలుకు దాకా లెక్కలున్నాయి. తక్కువ లెక్క తీసుకున్నా ప్రపంచ చరిత్రలో అతిపెద్ద సముద్ర చమురు విపత్తుల్లో ఇది ఒకటి. గాలి, ప్రవాహం రెండూ దాన్ని దక్షిణానికి తోశాయి. దాదాపు 700 కిలోమీటర్ల సౌదీ తీరం నల్లబడింది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ అబూ అలీ దీవి అడ్డుపడి ఎక్కువ భాగాన్ని ఇక్కడే ఆపింది. దక్షిణాన ఉన్న తీరాలు బతికాయి, ఈ బురద నేలలు బలయ్యాయి. వేల సంఖ్యలో నీటిపక్షులు ఈకలకు నూనె అంటి చచ్చిపోయాయి. కువైట్‌లో తగలబెట్టిన ఆరు వందలకు పైగా బావుల పొగ నెలల తరబడి సూర్యుణ్ణి మూసింది, మసి సముద్రం మీద కురిసింది. ఆఖరి మంట ఆరేసరికి నవంబరు వచ్చింది.

మరి ఇన్నేళ్లకూ ఇది ఇక్కడెందుకుంది? అలలు బలంగా కొట్టే రాతి తీరాలు కొన్నేళ్లలో వాటంతటవే శుభ్రపడ్డాయి. ఇక్కడ అల లేదు. నీరు మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. పోటు చమురును తెచ్చి బురద మీద పరిచింది, పీతల కలుగులు దాన్ని లోపలికి దించాయి. పీతలు చచ్చాయి, కలుగులు నిండాయి. గాలి చొరని మట్టిలో చమురును తినే సూక్ష్మజీవులు పనిచేయలేవు. పన్నెండేళ్ల తర్వాత వచ్చి గోతులు తవ్విన శాస్త్రవేత్తలకు అరమీటరు లోతున కూడా ద్రవంగా ఉన్న చమురు దొరికింది. తర్వాత కొన్ని బురద నేలల్లో కాలవలు తవ్వారు, పోటు నీరు మళ్లీ లోపలికి పారేలా చేశారు. కాలవ గట్ల మీద పీతలు ముందుగా తిరిగొచ్చాయి, వాటి కలుగుల్లో గాలి ఆడాక మొక్కలు వచ్చాయి. మీరు ఇందాక చూసినవి ఆ పీతలే. ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ ద్వారా ఇరాక్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది, ఆఖరి వాయిదా 2022లో తీరింది. ఆ డబ్బులో పర్యావరణ నష్టానికి వచ్చింది కొంతే.

ఇంకా పైకి, గల్ఫ్ నెత్తి మీదికి వెళితే బస్రా. టైగ్రిస్, యూఫ్రటీస్ రెండూ కలిసి షత్ అల్ అరబ్ పేరుతో 200 కిలోమీటర్లు పారి, ఈ ఊరు దాటాక సముద్రంలో పడతాయి. ఈ గల్ఫ్‌కు తియ్యటి నీరు తెచ్చే పెద్ద నది ఇదొక్కటే. ఎగువన టర్కీ, సిరియా, ఇరాన్, ఇరాక్ ఆనకట్టలు కట్టుకుంటూ పోయాయి. నది బలం తగ్గాక సముద్రం ఎదురెక్కింది. 2018 వేసవిలో ఆ ఉప్పూ మురుగూ కలిసిన నీరు తాగి బస్రాలో లక్ష మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. గట్టు మీద నిలబడి చూస్తే మోడులుగా మిగిలిన ఖర్జూరపు తోటలు కనబడతాయి.

ఇప్పుడు ఒక కుళాయి దగ్గరికి రండి. జుబైల్‌లో లేబర్ క్యాంపు, సాయంత్రం ఏడు. బస్సు దిగిన వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, నూనె మరకల బాయిలర్ సూట్లతోనే బకెట్లు పట్టుకుని వరసలో ఉన్నారు. సోంపేట యాస, నిజామాబాద్ యాస కలగలిసి వినబడుతుంటాయి. "అన్నా, నీది అయిపాయెనా?" "ఉండరా తమ్మీ, మొకమన్నా కడుక్కోనీ." కుళాయిలోంచి వచ్చేది మీరు తెల్లవారుజామున చెయ్యి ముంచిన సముద్రమే. నది లేని దేశాలివి. కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఎమిరేట్స్ తాగేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీరే. ప్రపంచంలో ఇలా తయారయ్యే మంచినీటిలో దాదాపు 40 శాతం గల్ఫ్ దేశాలదే.

ఉప్పు తీశాక ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? గొట్టంలో తిరిగి సముద్రంలోకే. వేడిగా, ముందుకంటే చిక్కగా, శుద్ధికి వాడిన రసాయనాలతో సహా. లోతైన మహాసముద్రమైతే ఇట్టే కలిపేసుకుంటుంది. ఇక్కడ లోతు 35 మీటర్లు, నీరు మారడానికి ఏళ్లు. గొట్టం నోటి దగ్గర గడ్డి బతకదు. సముద్రం ఎంత ఉప్పెక్కితే దాన్నుంచి మంచినీరు తీయడానికి అంత ఎక్కువ ఇంధనం కాల్చాలి. 2008–09లో ఎర్రపోటు వచ్చింది, అంటే నాచు లాంటి సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి నీటిని ఎర్రగా చిక్కబరిచింది. ఎమిరేట్స్‌లో చేపలు గుట్టలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఫిల్టర్లు పూడుకుపోయి కొన్ని మంచినీటి ప్లాంట్లను ఆపేయాల్సి వచ్చింది. 1991లో కూడా మొట్టమొదట పరుగులు పెట్టింది జుబైల్ ప్లాంటు కోసమే. నీరు తోడే చోటు ముందు తేలే అడ్డుతెరలు వరసలుగా కట్టి చమురును ఆపారు. పీతల నేలలకు అంత అదృష్టం పట్టలేదు.

దక్షిణాన దుబాయ్ పామ్ జుమేరాను విమానం కిటికీలోంచి మీరూ చూసే ఉంటారు. 2001లో మొదలైన ఆ దీవికి సముద్రం అడుగునుంచే 9.4 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక తోడి పోశారు. ఎడారి ఇసుక గట్టిగా కూర్చోదు, అందుకని. తోడిన చోటా, పోసిన చోటా అడుగున ఏమున్నా పోయినట్టే. దాని గురించి అంతకు మించి చెప్పడానికి నాకు మనసొప్పదు.

అబూధాబీ పగడాల గురించి మాత్రం చెప్పాలి. ఈత కళ్లద్దాలు పెట్టుకుని ఏడెనిమిది మీటర్లు దిగండి. వేరే చోట్ల 30, 31 డిగ్రీలు దాటితే పగడాలు తెల్లబోతాయి. ఇక్కడివి వేసవిలో 34, 35 డిగ్రీలకు అలవాటుపడ్డాయి. భూమి వేడెక్కాక పగడాలు ఎలా బతుకుతాయో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్తలంతా అందుకే ఇక్కడికి వస్తారు. 2017లో వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి సరిగా వీచలేదు, నీరు చల్లబడలేదు. పగడాలు దాదాపు అన్నీ తెల్లబోయాయి, మూడింట రెండు వంతులు చచ్చిపోయాయి. ఇప్పుడు మీ ముందున్న దిబ్బ చాలావరకు బూడిదరంగు గుల్ల. ఒక అంచున పసుపుపచ్చని కొత్త మొలకలు, గోరంతవి.

చివరికి హర్మూజ్. కుడివైపు ఒమన్ ముసందం కొండలు, నిట్టనిలువు బోడిరాయి. ఎడమవైపు పొగమంచులో ఇరాన్. రాను ఒక దారి, పోను ఒక దారి, ఒక్కోటి రెండు నాటికల్ మైళ్ల వెడల్పు. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు ఈ దారిన పోయింది, అంటే ప్రపంచం కాల్చేదానిలో అయిదో వంతు. గంట సేపు నిలబడితే ఎన్ని ట్యాంకర్లో! లోతుగా మునిగి కదిలేవి నిండువి, ఎర్రటి కడుపు పైకి కనబడేవి ఖాళీవి. ట్యాంకర్లు చమురు కలిసిన నీటిని ఈ గల్ఫ్‌లో వదలకూడదనే కఠిన అంతర్జాతీయ నిబంధన 2008 ఆగస్టు నుంచి ఉంది.

ఒప్పందాలు అంతకుముందూ ఉన్నాయి. తీరదేశాలు ఎనిమిదీ 1978లో కువైట్‌లో కూర్చుని ఈ సముద్రాన్ని కలిసి కాపాడుకుంటామని సంతకాలు చేశాయి. దీన్ని ఏ పేరుతో పిలవాలో కూడా ఒప్పుకోని దేశాలు ఆ మాత్రం చేయడం గొప్పే. చమురు ఒలికితే సాయపడే కేంద్రాన్ని 1982లో బహ్రెయిన్‌లో పెట్టారు. మరుసటి ఏడాదే ఇరాన్ నౌరూజ్ క్షేత్రంలో ప్లాట్‌ఫారం దెబ్బతిని చమురు కారడం మొదలైంది. అది ఇరాన్–ఇరాక్ యుద్ధరంగం. బావి మూయడానికి కొన్నాళ్లు కాల్పులు ఆపుదామంటే కుదరలేదు. మార్చిలో దాడికి గురైన ఇంకో ప్లాట్‌ఫారం దగ్గర కారే చమురును 1985 మే దాకా ఆపలేకపోయారు.

హర్మూజ్‌లో ఉద్రిక్తత అని టీవీలో వచ్చినప్పుడల్లా మనం పెట్రోలు ధర గురించి మాట్లాడుకుంటాం. మీ ఇంట్లోంచి గానీ మీ వీధిలోంచి గానీ ఒకరైనా అక్కడికి వెళ్లి ఉంటే, వాళ్లు తాగే నీరు ఆ 35 మీటర్ల సముద్రంలోంచే వస్తోంది. ఈసారి వార్త చూసినప్పుడు ధరతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: మంచినీటి ప్లాంట్ల ముందు అడ్డుతెరలు సిద్ధంగా ఉన్నాయా?